రంగు కోసేసిన ఇరుసు

వైశాలి కాలనీ,
మంగళవారం పొద్దున్న

బాబాయ్,

ఈ పార్శిల్‌లో ఉన్నది మా ఆయన చక్రాల కుర్చీ ఇరుసు. పాతది అరిగిపోతే, నువ్విచ్చిన లేత్ మీద నేనే చేశాను. గట్టి అల్లాయ్ స్టీలే కొన్నాను, కడ్డీ చివర ఏ రకం ఉక్కో చెప్పే రంగు గుర్తు కూడా చూసుకున్నాను. కానీ తొందరలో ఆ రంగున్న చివరే కోసి పారేశాను. రంగు లేని వైపు నుంచి కొయ్యమని నువ్వెన్నిసార్లు చెప్పావో! పక్కనే అంతే లావున్న మామూలు ఇనుప కడ్డీ ఉంది. ఏది లేత్‌కి ఎక్కించానో ఇప్పుడు ఖాయంగా చెప్పలేను. రెండింటినీ గ్రైండర్‌కి తాకించి నిప్పురవ్వలు చూశాను. తేడా ఉన్నట్టే అనిపిస్తుంది, మళ్ళీ చూస్తే కనిపించదు.

నాలుగు రోజులుగా ఆయన దాని మీదే మెట్రో ర్యాంపు దిగుతున్నారు. "మా ఆవిడ చేసింది, నాకంటే గట్టిది" అని పక్కింటి సుభాషిణి ఆంటీకి చూపించారు కూడా. ఇవాళ ఊడదీస్తుంటే, "ఆఫీసుకి నన్ను భుజాన మోసుకెళ్తావా?" అని కసిరారు. చప్పుడొస్తోందని అబద్ధం చెప్పాను. నిజం చెబితే ఇక ఏ ఇరుసు వేసినా ఆ కుర్చీలో నిశ్చింతగా కూర్చోలేరు.

మిగిలిన కడ్డీ ముక్కలు రెండూ పంపుతున్నాను, పోల్చి చూడు. నీకు ఏ కొంచెం అనుమానమున్నా ఇరుసుని అక్కడే విరిచెయ్యి. నా చేతికి తిరిగొస్తే, ఆయన ముఖం చూసి మళ్ళీ బిగించేస్తానేమో.

నీ అన్న కూతురు