తూటాల తాళంచెవి

బుధవారం, రాత్రి

బ్యాంకు కాపలా ఉద్యోగానికి సొంత తుపాకీ ఉండాలన్నారు. లైసెన్సు చేతికొచ్చింది కదా అని ఈ రోజు హైదరాబాదు వెళ్ళాను. దుకాణం పెద్దాయన రెండు గొట్టాల తుపాకీ చేతికిచ్చాడు. తెరిచి, లోపల తూటా లేదని చూసుకున్నాకే భుజానికి ఆనించాను. ఫౌజు వదిలి ఇన్నేళ్ళయినా చేతులు ఏదీ మరిచిపోలేదు.

"తుపాకి ఒక దిక్కు, తూటలు ఒక దిక్కు తాళమేసి పెట్టాలె సాబ్. తూటల తాళంచెవి ఇంట్ల ఎవరికిస్తరు?" అని అడిగాడు.

"మా ఆమెకు, సుజాతకు" అనేశాను. సుజాత పోయి ఏడాది దాటిందని అన్నాక గుర్తొచ్చింది. ఆ మాటే చెప్పాను. ఆయన తుపాకీ మెల్లగా తీసుకుని పెట్టెలో పెట్టేశాడు.

"జర తాళంచెవి పెట్టుకునేటోళ్లను ఎవరినన్న చూస్కొని రండి. మీ కోసం పక్కకు పెడ్త."

నాకు కోపం రాలేదు. కొన్ని రాత్రులు నన్ను నేనే నమ్మలేనని ఆయనకెలా తెలిసింది?

బిజినేపల్లిలో బస్సు దిగి నేరుగా పక్కింటి కిష్టయ్య దగ్గరికి వెళ్ళాను. సుజాత దినాల తర్వాత ఆ గడప తొక్కడం ఇదే. తుపాకీ కొంటున్నా, తూటాల తాళంచెవి దాచిపెడతావా అని అడిగితే నా ముఖంలోకి చూశాడు.

"నా దగ్గరెందుకే అన్నా? మంచిగనే ఉన్నవా?"

"ఉన్న" అన్నాను. అతను నమ్మలేదు.

"తాళంచెవి పెట్టుకుంట గని, దాని కోసమే రావొద్దు. పొద్దుమీకి ఊకెనే వచ్చి కూసో."

వస్తానన్నాను. ఏడాదిగా ఎవరి పక్కనా కూర్చోలేదు. రేపు సాయంత్రం వెళ్తే ఏం మాట్లాడాలో...