రేట్ల పట్టికలో తాలుకాయ

బెంగళూరు,
ఆదివారం.

అక్కకు, బావకు వందనాలు.

దేవుని దయవల్ల నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గుకు మందు వాడుతున్నాడా? ఇక్కడ మూడు వారాలుగా ముసురు. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. నువ్వు పంపిన ఎండుమిరపకాయలతో పచ్చడి నూరుకుని నెట్టుకొస్తున్నాను. ఆదివారాలు తోచదు. అంతకు మించి లోటేమీ లేదు, దిగులు పెట్టుకోకు.

ఆ కాయల వల్లే ఆఫీసులో ఒక సంగతి జరిగింది. కల్లాల్లో తాలు ఏరే నీకు చెప్పకపోతే ఎలా?

నేను చేరినప్పుడు మా కంపెనీ బేకరీ మీద ఒక్క గది. ఎవరికేం తోచినా అరిచి చెప్పేవాళ్లం, సాయంత్రానికి చేసేసేవాళ్లం. రైతుల సెల్‌ఫోన్లకు పొద్దున్నే మిర్చి యార్డు రేట్లు పంపాలన్న ఆలోచన అక్కడ పుట్టిందే. ఇప్పుడు ఐదంతస్తులు. కొత్త మాట చెప్పాలంటే ఫారం నింపి ముగ్గురి సంతకాలు తేవాలి.

ఈ సోమవారం నుంచి ఆ రేట్లు పంపడం మొదలుపెట్టాలి. చూస్తే పట్టికలో మంచికాయ ఉందిగానీ, రంగు పోయిన తాలుకాయకు చోటే లేదు. ఫారం పెట్టాను. ‘పాడైన సరుకు, అనవసరం’ అని తిరిగొచ్చింది.

శుక్రవారం మీటింగుకు నీ సంచి పట్టుకెళ్లి బల్ల మీద గుమ్మరించాను. అడుగున తెల్లబారిన తాలుకాయలు చాలానే ఉన్నాయి. నీ కంట పడకుండా అన్ని వచ్చాయంటే సంచి నింపింది బావే. ఆయనకు నా థ్యాంక్స్ చెప్పు.

ఏసీ గాలికి ఘాటు లేచింది. ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. కంపెనీ పెట్టిన శేఖర్ గారు పైఅంతస్తు నుంచి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దిగొచ్చారు. ఆయనది ఒంగోలు దగ్గరే.

“ఏందయ్యా ఇది, కారం మిల్లు పెట్టావా?”

“మనం వద్దన్న తాలు సార్.”

మా మేనేజరు మధు గారు పట్నంలో పెరిగినాయన. “పారేసేదానికి రేటెందుకు ప్రసాదూ?” అన్నారు, కళ్లు తుడుచుకుంటూ.

“పారెయ్యరండీ, అమ్ముతారు. కల్లం మీద వాన పడ్డ ఏడాది కొందరికి మిగిలేది ఇదే. రేటు తెలియకపోతే వ్యాపారి ఎంతంటే అంతకే ఇచ్చి రావాలి.”

శేఖర్ గారు ఒక తాలుకాయ విరిచి చూశారు. “ఇక్కడ మిర్చి యార్డు చూసినోళ్లెవరు?”

నేనొక్కడినే చెయ్యెత్తాను.

“నేనూ చూశాగానీ మర్చిపోయా,” అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సాయంత్రం దాకా అందరం కలిసి పట్టిక మార్చాం. ఫారం ఎవరూ అడగలేదు. పాత గదిలో ఉన్నట్టే అనిపించింది. అంత నవ్వి ఎన్నాళ్లయిందో.

కంపెనీ పెద్దదైతే బుర్ర మొద్దుబారుతుందని టీ దగ్గర అందరం అనుకునేవాళ్లం. బుర్రలు బాగానే ఉన్నాయక్కా. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య మెట్లు ఎక్కువయ్యాయి. రేపు మళ్లీ ఫారాలు రావని చెప్పలేను. ఈసారికి మాత్రం తాలు రేటు వెళ్తుంది.

పాస్టరు గారికి, చిన్నమ్మకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

అన్నట్టు, కోతలప్పుడు శేఖర్ గారు మధు గారినీ ఇంకో ఇద్దరినీ నాతో పంపుతున్నారు. వారం రోజులు నీ పక్కన కూర్చుని తాలు ఏరాలట. ఆఫీసరని మొహమాటపడకు. మంచికాయ తాలులో వేస్తే నన్ను తిట్టినట్టే తిట్టు.

నీ తమ్ముడు,
ప్రసాదు