నాలుగో ఫెయిలూ, గూఢచారి ఉపగ్రహాలూ

సోమవారం రాత్రి, ఘాలా లేబర్ క్యాంపు

డ్రైవింగ్ టెస్టులో నాలుగోసారి ఫెయిలయ్యాను. హద్దుగా పెట్టిన డ్రమ్ముల మధ్య రివర్సు తీస్తూ మళ్లీ ఒకదాన్ని పడగొట్టాను. డ్రమ్ముకు కూడా నా మీద జాలేసి ఉంటుంది. లైసెన్సు లేనిదే డ్రైవర్ పోస్టు లేదు, సైట్‌లో సిమెంటు మోతే.

సాయంత్రం కంపెనీ బస్సులో రూమ్మేట్ మల్లేశన్నకు గంభీరంగా చరిత్ర చెప్పాను.

"అన్నా, అమెరికా మొదటి గూఢచారి ఉపగ్రహాలు గూడ వరుసగ ఫెయిలైనయ్. ఆఖరికి ఫొటోల రీలు పారాచూట్ మీద దిగుతుంటే, విమానంకెల్లి కొక్కెమేసి గాలిలనే పట్టిండ్రు."

"ఫెయిలైనప్పుడు లోకానికేం చెప్పిండ్రు?"

"సైన్సు ప్రయోగమని."

"మరి నువ్వు లతకేం చెప్పినవ్‌రా?"

లైసెన్సు వచ్చిందని పోయిన నెలే చెప్పాను. ఆ మాట మీదే వాళ్ల నాన్న పెళ్లికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు లత మెసేజ్: "బండి నడిపే వీడియో పంపు, బాపుకు చూపిస్తా."

'నేను ఫెయిలయిన' అని టైపు చేశాను. ఒళ్లంతా అలసిపోయి పడుకుంది. పంపాల్సిన వేలొక్కటే సెండ్ బటన్ మీద మేలుకుని ఉంది...