మీ నల్ల బ్యాగ్

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పుకోలేక మీకే రాస్తున్నాను.

మొన్న వేసవిలో, మనం ఇండియా నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ ఈ కౌంటీ చరిత్ర సంఘంవాళ్లు అడిగితే, మీ డాక్టర్ బ్యాగ్‌ని వాళ్ల మ్యూజియంకి ఇచ్చాను. ఇవాళ చూసివద్దామని అమ్మాయి సుజాతతో కలిసి వెళ్లాను. ఒక గదిలో పాతకాలపు కోటు తొడిగిన బొమ్మ డాక్టరు చేతిలో మీ బ్యాగ్ ఉంది. కింద ఎప్పుడో పోయిన ఒక తెల్ల డాక్టరు పేరు రాసి ఉంది. మీ పేరు ఎక్కడా లేదు.

మ్యూజియం చూసుకునే మిసెస్ వాకర్‌ని అడిగాను.

"ఆయన బ్యాగ్ మాకు దొరకలేదు. మీది సరిగ్గా సరిపోయింది," అంది.

మీ పేరు కూడా పక్కన రాయమన్నాను.

"మా కోడలికి పురుడు పోసింది మీవారే. చాలా మంచి డాక్టరు. కానీ ఇది ఈ ఊరివాళ్ల చరిత్ర కదా," అంది, ఎంతో ప్రేమగా నా చెయ్యి పట్టుకుని.

"అమ్మా, లీవ్ ఇట్. ఇక్కడైతే ఎట్‌లీస్ట్ జనం చూస్తారు. ఇంట్లో క్లాజెట్‌లో బట్టల వెనకాల పడుంటే ఎవరు చూస్తారు?" అంది సుజాత.

నేను వినలేదు. బ్యాగ్ తిరిగి ఇచ్చెయ్యమన్నాను. మిసెస్ వాకర్ నొచ్చుకుంటూనే బొమ్మ చేతిలోంచి తీసి ఇచ్చింది.

ఇప్పుడది వంటింటి బల్ల మీద ఉంది. మీరైతే "పోనీలే, ఉండనీ" అనేవారేమో. ఇన్నేళ్లు మంచులో, వానలో కారేసుకుని మీరు తిరిగిన ఈ కౌంటీలో మీ గుర్తుగా మిగిలిన ఒక్క వస్తువునీ నా చేతులతో నేనే తెచ్చేసుకున్నాను.