నిచ్చెన గుర్తు

మోత్కూరు, 1952

ప్రియమైన సహధర్మచారిణికి,

ఇక్కడ నేను క్షేమం. కాళ్లు మాత్రం బొబ్బలెక్కాయి. ఈ వైపు ఊళ్లన్నీ తిరిగి మోత్కూరు చేరాను. మగవాళ్లు చావడి దగ్గర కూర్చొని ఓటు మనకే అంటున్నారు. ఆడవాళ్లు తలుపు చాటు నుంచి కదలడం లేదు. ఒక ముసలవ్వ ముఖం మీదే అనేసింది: "మొగోళ్ల మాట మాకెందుకు బిడ్డా? ఆడిమనిషిని తోలు, ఇంటం."

కాబట్టి నువ్వు బయలుదేరాలి. నేను అసెంబ్లీకి ఎందుకు నిలబడ్డానో నీకు వేరే చెప్పాలా? నీ చెల్లె సైదమ్మ పురుటి నొప్పులతో బండిలో పడుకొని, వాగు నిండి, దవాఖానకు దాటే దారి లేక ఈ ఒడ్డునే కన్నుమూసింది. ఆ వాగు మీద వంతెన కట్టిస్తానని నీకు మాటిచ్చాను. కట్టిస్తాను. సిగ్గు పక్కన పెట్టి నాలుగు వాకిళ్లు తిరుగు.

నీ
జానయ్య


తుమ్మలకుంట, 1952

ప్రియమైన మీకు,

సహధర్మచారిణి అని రాశారు. అంత పొడుగు మాట చదివేసరికి పొయ్యి మీద జొన్న గటక మాడింది. ఇంకోసారి రాయకండి.

తిరుగుతున్నాను. కానీ ఒక చిక్కు వచ్చింది. పెళ్లైన నాటి నుంచి మీ పేరు నా నోట రాలేదు. కవరు మీద కూడా బడిపంతులు రామచంద్రంతోనే రాయిస్తున్నాను. మొదటి వాకిట్లోనే గుర్వమ్మ పట్టుకుంది.

"ఓటు ఎవ్వరికెయ్యాలె అక్కా?"

"మా ఇంటాయనకు."

"గట్ల ఇంటాయనలు మస్తుమంది ఉన్నరు. పేరు జెప్పు."

ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి, అటకకు వేసుకునే నిచ్చెన భుజాన పెట్టుకొని మళ్లీ వెళ్లాను. మీ గుర్తు అదే కదా. "గీ బొమ్మ అంటించిన డబ్బా ఉంటది. కాయితం అండ్లనే ఎయ్యుండ్రి. కాయితం మీద గీత గిట్ల పెట్టిండ్రనుకో, ఓటు ఖరాబైతది. పెట్టుమని ఎవ్వడన్నా అంటే వాడు అవతలోని మనిషే" అని ప్రతి వాకిట్లో చెప్పాను.

ఇప్పుడు ఊరూరా నన్ను నిచ్చెనక్క అంటున్నారు. అననీ. మీరు గెలిచి రండి.

మీ ఇంటిది


హైదరాబాద్, 1961

ప్రియమైన నిచ్చెనక్కకు,

కోపం తెచ్చుకోకు. రెండుసార్లు నన్ను అసెంబ్లీకి ఎక్కించింది నీ నిచ్చెనే, కాదనను. ఇన్నేళ్లు సర్కారు కచేరీల చుట్టూ తిరిగితే వంతెన మంజూరైంది, స్తంభాలు లేచాయి. ఇక పైన బాట పరచడమే మిగిలింది. వచ్చే ఎన్నికల్లో గెలిస్తే ఏడాది తిరిగేసరికి బండ్లు దాటుతాయి.

ఈసారి మాత్రం నువ్వు తిరగొద్దు. ఎమ్మెల్యే ఇంటామె నిచ్చెన మోసుకొని తిరుగుతుందని ఇక్కడ తోటివాళ్లు ఎగతాళి చేస్తున్నారు. పదేళ్లుగా నన్ను చూస్తున్న జనానికి వేరే చెప్పేదేముంది? ఓటు వేసే తీరు కూడా మారింది. మనిషికో డబ్బా ఉండదు. అందరి బొమ్మలూ ఒకే కాగితం మీద ఉంటాయి. మన బొమ్మ పక్కన ముద్ర గుద్ది, ఉన్న ఒక్క డబ్బాలో వెయ్యాలి. అది నేను మీటింగుల్లో చెబుతాను. నువ్వు ఇంటి పట్టున హాయిగా ఉండు.

నీ
జానయ్య


హైదరాబాద్, 1962

ప్రియమైన నీకు,

ఓడిపోయాను. నల్లగొండలో లెక్క ముగియగానే బస్సెక్కి ఇక్కడికి వచ్చేశాను. ఊరికి రావడానికి ముఖం చెల్లలేదు. మీ ఆడవాళ్లే ముంచారని అందరూ అంటున్నారు. ఎవరి కోసం ఆ వంతెన వెంట పడ్డానో వాళ్లే ఇట్లా చేస్తే ఇక ఎవరికి చెప్పుకోను?

ఒక వకీలు దగ్గర గుమాస్తా పనికి కుదిరాను. రాజకీయం మాట ఇక నా దగ్గర ఎత్తకు.

జానయ్య


తుమ్మలకుంట, 1962

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి నేను ఏడవలేదు. నేరుగా గుర్వమ్మ ఇంటికి పోయి కొట్లాడాను. ఓటు మీకే వేశానని పోచమ్మ మీద ఒట్టు పెట్టింది. ఎట్లా వేశావో చెప్పమన్నాను.

"ఒక్కటే డబ్బా ఉండె అక్కా. బొమ్మ లేకపాయె. ఆ సారు ముద్ర చేతుల పెట్టి గుద్దుమన్నడు. కాయితం మీద ఏం పెట్టొద్దని నువ్వే జెప్తివి గదా. వాడు అవతలోని మనిషని నాకు సమజైంది. ముద్ర ఆడనే పెట్టి, సాఫ్ కాయితం మడిచి ఏసొచ్చిన. మా వాడకట్టు ఆడోళ్లందరికి గట్లనే జెప్పిన" అంది. ఎంత గర్వంగా చెప్పిందనుకున్నారు!

తర్వాత పక్క ఊళ్లు కూడా తిరిగి అడిగాను. అంతటా ఇదే కథ. చెల్లకుండా పోయిన కాగితాలు మనవాళ్లవే. మీ మీటింగులన్నీ చావడి దగ్గర జరిగాయి. అక్కడికి ఆడది ఎప్పుడు వచ్చింది? వాళ్లు మిమ్మల్ని ముంచలేదు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మీరే మునిగారు. కోపం వస్తే రానివ్వండి, ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను. వచ్చేసారి నిలబడండి. తిరగడం నా పని.

మీ ఇంటిది


హైదరాబాద్, 1966

ప్రియమైన నీకు,

ఈ నాలుగేళ్లలో నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలోనూ అదే మాట. నువ్వు చెప్పింది నిజమే. ఎగతాళికి జంకి నిన్ను ఆపాను, ఫలితం అనుభవించాను. వంతెన కోసం తెచ్చిన కంకరను గెలిచిన కొత్తాయన తన ఊరి బాటకు తోలించుకున్నాడని రాశావు. అది చదివి ఆ పూట అన్నం సహించలేదు.

అయినా నేను నిలబడను. ఓడినవాడి వెనక ఎవరు నడుస్తారు? నాకు ఆ బలం లేదు. ఊరివాళ్లకు ఈ మాట చెప్పెయ్యి, ఎదురుచూడొద్దను.

జానయ్య


తుమ్మలకుంట, 1967

ప్రియమైన మీకు,

ఊరివాళ్లకు చెప్పాను. "అన్న నిలవడకుంటే నువ్వు నిలవడు" అంది గుర్వమ్మ. అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

భువనగిరి కచేరీకి పోయి నామినేషన్ వేశాను. అధికారి నా పేరు రాసుకొని "భర్త పేరు?" అన్నాడు. వెంట వచ్చిన రామచంద్రం పంతులు అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. ఆగమన్నాను. బండిలో పడుకొని నా చెయ్యి వదలని సైదమ్మ మతికొచ్చింది. గది నిండా మగవాళ్లు చూస్తుండగా "జానయ్య" అన్నాను. ఏమీ కాలేదు. అధికారి రాసుకున్నాడు, అంతే. ఇన్నేళ్లు దాచుకున్నది ఇంత తేలికా అనిపించి, బయటికి వచ్చి చెట్టు కింద ఏడ్చాను.

గుర్తు మళ్లీ నిచ్చెనే ఇచ్చారు. ఉల్లిగడ్డను సగానికి కోసి, ఎర్రమట్టి జాజులో ముంచి, ముద్ర ఎట్లా గుద్దాలో వాకిట్లలో ఆడవాళ్లకు నేర్పుతున్నాను. గుర్వమ్మ ఇంటి గోడంతా ముద్రలే. మీకు వీలైతే రండి. రాకపోయినా నేను ఆగను.

ఈ కవరు మీద పేరు నేనే రాశాను. నామినేషన్ మీద పెట్టిన సంతకమే ఇక్కడా పెడుతున్నాను.

మీ
గోపమ్మ


తుమ్మలకుంట, 1967, ఎండాకాలం

ప్రియమైన గోపమ్మా,

నువ్వు గెలిచి అసెంబ్లీకి పోయాక ఇల్లు బోసిపోయింది. ప్రచారంలో నీకు చెప్పనిది ఒకటుంది. ఎదురుగా చెప్పడానికి సిగ్గేసింది, అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన నాడే వకీలుకు దండం పెట్టి బస్సెక్కాను కదా. నువ్వు పక్క ఊళ్లకు పోయి ఉన్నావు. నిచ్చెన భుజాన వేసుకొని ముందు గుర్వమ్మ వాకిటికే పోయాను.

"ఓటు ఎవ్వరికెయ్యాలె అన్నా?" అంది, ఏమీ ఎరగనట్టు.

"మా ఇంటామెకు."

"గట్ల ఇంటామెలు మస్తుమంది ఉన్నరు. పేరు జెప్పు."

ఇన్నేళ్ల సంసారంలో ఇగో, ఏమే అనడమే తప్ప నిన్ను పేరు పెట్టి పిలిచింది ఎప్పుడు? అసెంబ్లీలో గంటసేపు ఆగకుండా మాట్లాడినవాణ్ణి, ఆ వాకిట్లో నాలుక పెగల్లేదు. ఈ నిచ్చెన మోస్తూ నువ్వు ఎంత నగుబాటు పడ్డావో అప్పుడు తెలిసింది. మెల్లగా "గోపమ్మకు" అన్నాను. "ఇనవడలే" అంది. "గోపమ్మకు!" అని అరిచాను. కట్టేసిన మేకలు బెదిరి తాళ్లు తెంపుకున్నాయి. ఆ తర్వాత ప్రతి ఊళ్లో అంత గట్టిగానే చెప్పాను.

నిన్న వాగు దాకా పోయి వచ్చాను. స్తంభాలు చెక్కుచెదరలేదు. అసెంబ్లీలో వెనక బెంచీలో కూర్చోకు, అక్కడి నుంచి ఎవరికీ వినిపించదు. మొదటి మాటే వంతెన గురించి అడుగు. చూస్తాం, చేస్తాం అంటారు, నమ్మకు. నేను నమ్మి మొదటి ఐదేళ్లు పోగొట్టాను.

ఎప్పుడొస్తావని అడగను. బాట పరిచే మంజూరు చేతికి వచ్చాకే ఇంటికి రా. గటక నేను కాచుకుంటున్నాను. రోజూ మాడుతుంది, తింటున్నాను.

గోపమ్మ ఇంటాయన
జానయ్య