సెలవుకొచ్చాక మాట్లాడుకుందాం

సుజీ,

ఈ రోజు జెద్దాలో మా వార్డుకి ఓ జర్మన్ ముసలావిడ వచ్చింది. నువ్వు ఫోన్‌లో నేర్పినట్టే "గూటెన్ మోర్గెన్" అని వాళ్ల భాషలో పలకరించాను. నొప్పి మరిచిపోయి నవ్విందావిడ.

జర్మన్ డిగ్రీలో ఒక ఏడాది ఆ దేశంలోనే చదువుతానని నువ్వడిగితే, "సెలవుకొచ్చాక మాట్లాడుకుందాంలేవే" అన్నాను. గల్ఫులో ఉన్నవాళ్లం పెళ్లికైనా, పొలానికైనా ఆ మాటే అంటాం.

"అప్పటికి అప్లికేషన్ గడువు అయిపోద్దక్కా" అన్నావు. విసుక్కుని ఫోన్ పెట్టేశాను.

గడువు అయిపోయింది. నా సెలవు రాకముందే డెంగీ జ్వరంతో నువ్వూ వెళ్లిపోయావు.

"ఎవరు నేర్పారు?" అని ఇంగ్లీషులో అడిగిందావిడ.

"మా చెల్లి. ఈ ఏడాది మీ దేశంలోనే చదువుతోంది."

"ఏ ఊళ్లో?"

ఏ ఊళ్లో చదవాలనుకున్నావో ఆ రోజు నిన్ను అడగనేలేదు సుజీ.