నిమ్మచెట్టులో గూడు

మార్చి 4
బావమరిది కెమెరా ఇచ్చి వెళ్ళాడు. తను కొత్తది కొనుక్కున్నాడు కాబట్టి పాతది నాకు. రిటైరైన మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలట. వెలుతురు గురించి ఇరవై నిమిషాలు ఉపదేశం. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసినవాడికి చెప్తున్నాడు, బట్టల కొట్టు ఓనరు.

మార్చి 5, ఉదయం 7
పెరట్లో పిట్టల కోసం రెండు వందల ఫొటోలు. నూట తొంభైలో ఖాళీ కొమ్మ. మిగతా పదిలో తోక. నా పేషెంట్లే నయం, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టేవాళ్ళు.

మార్చి 9
ఫొటో క్లబ్‌కి వెళ్ళాను. పదకొండు మంది మగాళ్ళు, ఒంటినిండా జేబులు. ఒక్కడూ పిట్టల ఊసెత్తలేదు, అంతా లెన్సుల గొడవే. నా ఫొటోలు చూసి సెక్రటరీ భుజం తట్టాడు. మీ పిట్టలు బాగా సిగ్గరులండీ అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మార్చి 15
నేర్చుకున్నాను. ఎవడి దయా లేదు. పిట్ట వెంట పడకూడదు. పళ్ళెంలో నీళ్ళు పెట్టి, కిటికీ వెనక స్టూలు వేసుకుని కూర్చోవాలి. షటర్ స్పీడు పెంచాలి. కన్ను ఫోకస్‌లో ఉంటే చాలు, మిగతాది మసకైనా ఫరవాలేదు. ఇన్నేళ్ళలో నా వంక ఇంతసేపు ఎప్పుడైనా చూశారా అని మా ఆవిడ అడిగింది. నువ్వెక్కడికీ ఎగిరిపోవుగా అన్నాను. కాఫీ రాలేదు.

మార్చి 22
నిమ్మచెట్టులో పికిలిపిట్ట గూడు. మూడు పిల్లలు. ఆకులు అడ్డం. సిగ్గు చంపుకుని సెక్రటరీకి ఫోన్ చేశాను. నాలుగు రెమ్మలు కత్తిరించండి, మేమంతా చేసేదే అన్నాడు. మా ఆవిడ వద్దంది. ఆ ఆకుల చాటునే కదండీ అది పిల్లల్ని పెట్టుకుంది అంది. ఆవిడకేం తెలుసు ఫొటోల సంగతి.

మార్చి 23, ఉదయం 6.40
కత్తిరించాను. ఎండ నేరుగా గూట్లో పడింది. తల్లి పురుగుతో వచ్చింది. మూడు నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. క్లిక్. ఆ క్లబ్బులో ఏ వెధవా జన్మలో ఇలాంటిది తీయలేడు.

సాయంత్రం
క్లబ్ వాట్సాప్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో పెట్టాను. సెక్రటరీ ఆకాశానికెత్తాడు. బావమరిది అదంతా తన కెమెరా మహిమ అన్నాడు.

మార్చి 24
కాకి. పళ్ళు తోముకుంటూ చూశాను. బ్రష్షు పారేసి పరిగెత్తాను. నేను చేరేసరికి గూడు ఖాళీ.
తల్లి పురుగుతో వచ్చింది. గూటి అంచున కూర్చుని లోపలికి చూసింది. వెళ్ళింది. మళ్ళీ పురుగుతో వచ్చింది. మధ్యాహ్నం దాకా అదే పని.
మా ఆవిడ నేను కత్తిరించిన రెమ్మలు ఏరి గోడవతల పడేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 25
తల్లిపిట్ట మళ్ళీ వచ్చింది.

మార్చి 30
క్లబ్ పోటీలో ఆ ఫొటోకే మొదటి బహుమతి. ఎలా తీశారో చెప్పమని మైకు ఇచ్చారు. చెప్పాను. రెమ్మలు, కాకి, అన్నీ. సెక్రటరీ మైకు లాక్కుని, మన పెద్దాయనకి తమాషా ఎక్కువ అన్నాడు. అందరూ హాయిగా చప్పట్లు కొట్టారు.
వాళ్ళని చూస్తే అసహ్యం వేసింది. కానీ చప్పట్లకి తల వంచింది నేనే. కప్పు చంకన పెట్టుకుని ఇంటికొచ్చిందీ నేనే.

ఏప్రిల్ 6
పికిలిపిట్ట మళ్ళీ గూడు కడుతోంది. ఎక్కడో ఇందులో కూడా రాయను.